ఓర్డెల్ సొరుగులో బోల్టులు

మా మరిది ఓర్డెల్ తోర్స్‌టాడ్ పోయిన మార్చిలో, ఎనభై మూడో ఏట పోయాడు. పేపర్లో నాలుగు వాక్యాలు వేశారు. ఫలానా పొలంలో పుట్టాడు, తుపాకులు బాగుచేసేవాడు, లూథరన్ చర్చి సభ్యుడు, పెళ్ళి చేసుకోలేదు. నాలుగూ నిజమే. నాలుగూ చదివినా అతనెవరో మాత్రం తెలియదు. రాసిన పిల్ల ఊరికి కొత్త, దాన్ని అనుకుని లాభం లేదు. అందుకే నేను రాస్తున్నాను. చదివింది ఎనిమిదో తరగతే అయినా అతణ్ణి అరవై ఏళ్ళు చూశాను.

మాంటానా రాష్ట్రంలో మా ఊరు హోల్మ్ జంక్షన్‌లో మేం నూట అరవైమందిమి. పన్నెండు మైళ్ళు ఉత్తరానికి పోతే కెనడా, తక్కిన మూడు వైపులా గోధుమ. ప్రతి ఇంట్లో తుపాకీ ఉంటుంది. వంటింటి తలుపు పక్కన, కోట్లు తగిలించే కొయ్యల పైన. కోళ్ళ మీదికి నక్క వస్తే దానితోనే పని, చలికాలానికి జింక మాంసం దాచుకోవాలన్నా దానితోనే పని. ఇంట్లో చీపురు ఉండాలా వద్దా అని ఎవరూ వాదించుకోరు. మేమూ తుపాకీ గురించి అలాగే ఉండేవాళ్ళం.

ఓర్డెల్ కొట్టు పోస్టాఫీసు వెనకాల ఉండేది. పనిలో అతని చెయ్యి సాటిలేనిది, గడియారాలు కూడా బాగుచేసేవాడు. అయితే మాంటానా మొత్తంలో అంత నిదానస్తుడు లేడని పేరు. ఓర్డెల్‌కి బోల్టు ఇస్తే మీ మనవడు వెళ్ళి తెచ్చుకోవాలి అనేవాళ్ళు మగవాళ్ళు. బోల్టంటే తూటాను లోపలికి తోసి మూసే ఇనుప కడ్డీ. జేబులో పడుతుంది. అది ఊడదీస్తే రైఫిల్ వట్టి గొట్టమే. గోడ మీద చూడ్డానికి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.

మా ఆయన హాల్వర్ బోల్టు కూడా అతను ఎనభై ఆరులో తీసుకుపోయి రెండు శీతాకాలాలు తిరిగి ఇవ్వలేదు. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో జింక మాంసం లేదు. నేను కొట్టు ముందు నిలబడి అందరూ వినేలా తిట్టాను, నీ అన్న తుపాకీ గోడకి అలంకారమా అని. స్ప్రింగు ఆర్డరు పెట్టాను వదినా, రావాలి, అన్నాడు. ఎన్నిసార్లు తిట్టినా అదే జవాబు, అదే స్ప్రింగు.

నేను చెప్పబోయే ఏడు రాజధాని హెలెనాలో ఒక చట్టం గురించి గొడవ పడుతున్నారు. మనసు బాగాలేని మనిషి దగ్గర తుపాకీ ఉంటే, ఇంట్లోవాళ్ళు అర్జీ పెడితే, జడ్జి దాన్ని కొన్నాళ్ళు తీసి ఉంచమని ఉత్తరువు ఇవ్వొచ్చట. ధాన్యం గోదాము ఆఫీసులో పొద్దున్నే కాఫీకి చేరే మగవాళ్ళు దాన్ని నెల రోజులు నమిలారు. ఇవాళ పిచ్చివాడి తుపాకీ అంటారు, రేపు నా మొగుడు పిచ్చివాడని పెళ్ళాం వెళ్ళి చెబుతుంది, ఎల్లుండి అందరివీ పట్టుకుపోతారు, అని వాళ్ళ లెక్క. మా అమ్మాయి సిగ్నీ జిల్లా ఆసుపత్రిలో నర్సు. దాని లెక్క వేరు. అది చూసేది తుపాకీ పేలాక ఆసుపత్రికి తెచ్చే మనుషుల్ని.

ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర అదీ ఓర్డెలూ తగువు పడేవాళ్ళు. తగువంటే మా తగువే, బంగాళాదుంపల గిన్నె ఒకరికొకరు అందించుకుంటూనే.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మాయ్?" అన్నాడు ఓర్డెల్.

"గోరు లేని ఊళ్ళ సంగతేంటి బాబాయ్?" అంది సిగ్నీ.

అతను గిన్నె నా వైపు జరిపాడు. గోరంటే ఏ గోరని నేను అడగలేదు. ఊళ్ళో నాకు తెలియనిది లేదనుకునే రోజులవి.

ఊరికి ఐదు మైళ్ళ అవతల మెరిల్ నైగార్డ్ పొలం. అతని భార్య ఫెర్న్ అంతకుముందు అక్టోబరులో కేన్సరుతో పోయింది. పిల్లలు లేరు. మెరిల్ చర్చికి వచ్చి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చునేవాడు, ఫెర్న్ చోట టోపీ పెట్టేవాడు. ఫిబ్రవరికల్లా గడ్డం గీసుకోవడం మానేశాడు. గోదాములో కాఫీకి రావడం మానేశాడు. ఫోను మోగుతుంటే మోగనిచ్చేవాడు. మాలో ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. వంటకం తీసుకెళ్ళి గడపలో పెట్టి వచ్చాం. మా తెగ అంతే. మనిషి మునిగిపోతుంటే గట్టు మీద నిలబడి నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడుగుతాం.

జూన్‌లో ఒక బుధవారం వడగళ్ళు పడ్డాయి. కోడిగుడ్డంత రాళ్ళు, ఇరవై నిమిషాలు. మా పొలం అంచు తాకి పోయాయి. మెరిల్ గోధుమ మొత్తం చాపలా పరుచుకుంది.

మర్నాడు ఓర్డెల్‌కి విల్లిస్టన్‌లో కంటి శుక్లం ఆపరేషను. రెండు రోజులు కొట్టు చూడమని తాళంచెవి నా చేతికిచ్చాడు. ఎవరైనా వస్తే సోమవారం రమ్మను, ఏమీ ముట్టుకోకు వదినా, అని కూడా అన్నాడు. నాతో ముట్టుకోకు అనడమంటే తుడవమని చెప్పడమే. ఆ గురువారం నేల తుడిచాను, కిటికీ కడిగాను, పనిబల్ల సొరుగులు ఒక్కొక్కటే లాగాను. అడుగు సొరుగులో పాత ఫ్లానెల్ గుడ్డలో నాలుగు బోల్టులున్నాయి. ఒక్కోదానికి పేరు రాసిన చీటీ. నాలుగింటి మీదా ఒకటే మాట: స్ప్రింగు రావాలి.

నేను ఆడదాన్నే గాని బోల్టు తెలియనిదాన్ని కాను. నాలుగూ విప్పి చూశాను. నూనె పెట్టి మెరుస్తున్నాయి. స్ప్రింగులు నిక్షేపంగా ఉన్నాయి. ఒళ్ళు వంగక కూర్చున్నాడు, జనాన్ని తిప్పుతున్నాడు అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఎవరు ఏ దారిన పోతున్నా ఆ దారిలోవాళ్ళ సామాను తీసుకెళ్ళి వాళ్ళ ఉత్తరాల పెట్టెలో వేసి పోవడం రివాజు. మందులు, ట్రాక్టరు బెల్టులు, కుట్టడానికిచ్చిన బట్టలు, ఏవైనా సరే. అడిగి తీసుకెళ్ళడం మర్యాద కాదు. అడిగితే అవతలివాళ్ళు వద్దనాలి, మళ్ళీ అడగాలి, చివరికి మొహమాటంతో ధన్యవాదాలు చెప్పాలి. ఎందుకా బాధ. చెప్పకుండా చేసేస్తే సరి.

శుక్రవారం పొద్దున్న రూబార్బు అనే పుల్లటి కాడలు వేసి కేకులు చేసి, నాలుగు బోల్టులూ పెట్టుకుని బండి తీశాను. ముందు మెరిల్ దగ్గరికే వెళ్ళాను, వడగళ్ళు పడ్డ ఇల్లు కదా అని. అతని బోల్టు ఉత్తరాల పెట్టెలో వెయ్యలేదు, తలుపు కొట్టి చేతికే ఇచ్చాను. మెరిల్ కేకు తీసుకున్నాడు. బోల్టు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఓర్డెల్ పంపాడా?"

"ఓర్డెల్ పంపేలోపు మనం పోతాం, మన పిల్లలూ పోతారు. నేనే తెచ్చాను."

"మంచిది," అన్నాడు మెరిల్.

తక్కిన మూడూ వాటి వాటి పెట్టెల్లో వేసి ఇంటికొచ్చాను. నా అంత ఉపకారి జిల్లాలో లేదనుకుంటూ వచ్చాను.

మధ్యాహ్నం జిల్లావాళ్ళ బస్సు ఓర్డెల్‌ని మా గుమ్మంలో దింపింది. ఒక కంటికి కట్టు. రెండో కన్ను అంతకుముందే అంతంత మాత్రం. కూర్చోబెట్టి బఠాణీ సూపు పోశాను. అతను తింటూంటే కొట్టు ఎంత శుభ్రం చేశానో చెప్పాను. సొరుగు కూడా ఖాళీ చేసి ఎవరివి వాళ్ళకి చేర్చానని చెప్పాను. ఇకనైనా సిగ్గు తెచ్చుకోమని కూడా అన్నాను.

ఓర్డెల్ చెంచా కింద పెట్టాడు.

"మెరిల్‌దీనా?"

"అందరికన్నా ముందు అతనిదే."

లేచి గోడ తడుముకుంటూ టోపీ వెతుక్కున్నాడు. మెరిల్‌కి ఫోను చెయ్యమన్నాడు. పన్నెండుసార్లు మోగింది, ఎత్తలేదు. షెరీఫ్‌ని పిలుద్దామంటే ఆ పోలీసాయన ఉండేది నలభై మైళ్ళ అవతల, మనమే ముందు చేరతాం అన్నాడు. బండి తియ్యి అన్నాడు. ఆజ్ఞాపించినట్టు అతను నాతో మాట్లాడటం అదే మొదటిసారి. ఏమిటో తెలియకుండానే తీశాను.

కంకర రోడ్డెక్కాక చెప్పాడు. ఆ బోల్టులకి ఏ జబ్బూ లేదట. జబ్బు మనుషులకట. ఎవరైనా కాఫీకి రావడం మానేస్తే, పశువుల్ని చూసుకోవడం మానేస్తే, ఓర్డెల్ వాళ్ళింటికి వెళ్ళేవాడు. రెండు బిస్కెట్లు తినేవాడు, పంట గురించి మాట్లాడేవాడు, పోతూ పోతూ గోడ మీది రైఫిల్ దించి మీట బిగుసుకుంది, చూస్తాను అని బోల్టు జేబులో వేసుకొచ్చేవాడు. రైఫిల్ గోడ మీదే ఉంటుంది గనక వచ్చేపోయేవాళ్ళకి తెలియదు, ఇంటాయనకి తలవంపు లేదు. మనిషి తేరుకున్నాక స్ప్రింగు వచ్చేది. నలభై ఏళ్ళుగా ఇదే పని. నిదానస్తుడని పేరు పెట్టిన మగవాళ్ళలో సగంమందికి తెలుసు. నాకు తెలియదు.

కాసేపటికి అడిగాను.

"మీ అన్నదీ ఇదేనా?"

"రెండు శీతాకాలాలు వదినా."

ఆ ఏడు బ్యాంకు మా ఆవులన్నిటినీ తోలుకుపోయింది. హాల్వర్ ఖాళీ కొట్టంలో గంటల కొద్దీ కూర్చునేవాడు. చలికి అలా ఉన్నాడనుకున్నాను. పక్కలో పడుకున్నదాన్ని నేను, కనిపెట్టింది తమ్ముడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"అన్నా నేనే ఎప్పుడూ ఆ మాట అనుకోలేదు. రెండేళ్ళూ స్ప్రింగు గురించే మాట్లాడుకున్నాం."

బండి ఎంత పోగలదో అంత పోనిచ్చాను.

మెరిల్ బండి వాకిట్లోనే ఉంది. కుక్క అరవలేదు. తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళాం, మా వైపు అది ఎవరూ చెయ్యని పని. మెరిల్ వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. నా కేకు కొయ్యకుండా అలాగే ఉంది. దాని పక్కన రైఫిల్ ఉంది, గోడ మీద కాదు, బల్ల మీద. బోల్టు అందులో బిగించి ఉంది.

అతను లేచి నిలబడ్డాడు. "కాఫీ పెట్టనా?" అన్నాడు.

అలా అడిగితే వద్దనాలి. రెండోసారి అడిగితే వద్దనాలి. మూడోసారి సరే, అరకప్పు చాలు అనాలి. ఆలోపల వానల గురించి మాట్లాడాలి. ఓర్డెల్ కుర్చీ తడుముకుని కూర్చున్నాడు.

"మెరిల్, నీ బోల్టు బాగానే ఉంది. నువ్వు కాల్చుకుని చస్తావేమోనని భయమేసి మార్చిలో పట్టుకుపోయాను. ఇప్పుడూ ఆ భయంతోనే వచ్చాను. చచ్చిపోవాలని ఉందా నీకు?"

నిప్పంటే నోరు కాలదంటారు. మా వాళ్ళకి కాలుతుంది. అలాంటి మాట ఏ ఇంట్లోనూ పైకి అనగా నేను వినలేదు. నా చెవులే వేడెక్కాయి. మెరిల్ పొయ్యి దగ్గరికి వెళ్ళాడు, కెటిల్ పెట్టాడు, ఎందుకో మళ్ళీ దించాడు. మా వైపు తిరక్కుండానే మాట్లాడాడు.

"ఆ మోడల్‌కి నువ్వు చెప్పిన స్ప్రింగే ఉండదు ఓర్డెల్. నాకప్పుడే తెలుసు."

"మరి ఎందుకిచ్చావు?"

"తీసుకుపోతే బాగుండుననిపించింది." పొయ్యి అంచు తుడిచాడు. "ఇవాళ తిరిగొచ్చింది. సరే, ఓర్డెల్ కూడా ఇక చాల్లే అనుకున్నాడు కాబోలు అనుకున్నాను."

ఆ మాట ఓర్డెల్‌ని ఉద్దేశించి అన్నాడు గాని తగిలింది నాకు. పంపింది ఓర్డెల్ కాదు, నేను, నా తెలివితక్కువతనం, అని చెప్పాను. తప్పు నాది అని జీవితంలో నేనెన్నిసార్లు అన్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అది ఒకటి.

మెరిల్ వచ్చి బోల్టు ఊడదీశాడు, బల్ల మీద మా వైపు జరిపాడు. ఓర్డెల్ చెయ్యి దాని పక్కన తడుముతూ ఉంటే నేనే తీసి చేతిసంచిలో వేసుకున్నాను. అంతటితో ఓర్డెల్ లేస్తాడనుకున్నాను. లేవలేదు.

"ఇంట్లో ఇంకేమైనా ఉందా?" అన్నాడు.

"ఉంది. మా నాన్న పిస్తోలు."

"మార్చిలోనూ ఉందా?"

"ఉంది. నువ్వడగలేదుగా."

అడగందే అమ్మయినా పెట్టదు. నలభై ఏళ్ళూ ఓర్డెల్ గోడ మీద కనబడ్డవి తెచ్చాడు, కనబడనివి అడగలేదు. ఎక్కడుంది అని ఇద్దరమూ అడగకముందే మెరిల్ చెప్పాడు.

"షెడ్డులో విత్తనాల యంత్రం ఉంది చూడు, దాని పెట్టెలో. గుద్రున్, నువ్వెళ్ళి తీసుకురా. నన్ను పంపకు."

వెళ్ళాను. ఫెర్న్ కుట్టుపూలు వేసిన వంటింటి తువ్వాల్లో చుట్టి ఉంది. ఆ పూలు ఆమె చర్చి సంతకి కుట్టినవి, నేను పక్కన కూర్చుని వంకలు పెట్టాను. దాన్ని అలాగే మా బండిలో సీటు కింద పెట్టి తాళం వేశాను. తర్వాత లోపలికొచ్చి కేకు కోశాను. ముగ్గురం తిన్నాం. మెరిల్ రెండు ముక్కలు తిన్నాడు. రెండు రోజులైందట ఏదైనా తిని.

సిగ్నీకి మెరిల్ ఫోనులోంచే కబురు పెట్టాం. ఓర్డెల్ ఎవరినీ తీసుకెళ్ళలేని చోటికి అతన్ని అదే తీసుకెళ్ళింది. తక్కిన మూడిళ్ళకీ నేనూ ఓర్డెలూ ఆ సాయంత్రమే వెళ్ళి ఆ బోల్టులూ వెనక్కి తెచ్చాం. మెరిల్ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి డెబ్భై మైళ్ళ దూరాన డాక్టరు. మేం వంతులేసుకుని తీసుకెళ్ళేవాళ్ళం. నా వంతు వచ్చినప్పుడు దారి పొడుగునా నేనే మాట్లాడేదాన్ని, అతను డాక్టరు దగ్గర కన్నా బండిలోనే ఎక్కువ అలిసిపోయేవాడని సిగ్నీ అంటుంది.

జనవరిలో చర్చి నేలమాళిగలో ఆ చట్టం మీద సభ పెట్టారు. హెలెనా నుంచి ఒకాయన వచ్చాడు. అరవైమందిమి వెళ్ళాం, చలి సున్నాకి ఎంతో కింద. సిగ్నీ చట్టం కావాలంది. ఓర్డెల్ లేచి వద్దన్నాడు. వాకిట్లో పోలీసు కారు ఆగితే, కాగితం చూపించి గోడ మీదిది పట్టుకుపోతే, విత్తనాల పెట్టెలోది ఎవడు చెబుతాడు అన్నాడు. నేనడిగితే ఒకాయన తనే చెప్పాడు అన్నాడే గాని పేరు చెప్పలేదు.

"మార్చిలో నీకూ చెప్పలేదుగా బాబాయ్. మూడు నెలలు అది అక్కడే ఉంది."

"అవును," అన్నాడు ఓర్డెల్. కూర్చున్నాడు.

వెనక వరసలో మెరిల్ లేచాడు. టోపీ చేతిలో ఉంది. "ఆ ఒకాయన నేనే," అన్నాడు. "చట్టం సంగతి నాకు తెలీదు. అడిగారు, చెప్పాను." కాఫీ కప్పుల్లోకి చూసుకుంటూ కూర్చున్నారు మగవాళ్ళందరూ. ఆ చట్టం ఆ ఏడు వీగిపోయింది. ఊళ్ళో సగంమంది సంతోషించారు. నా వోటు ఎటు పక్కని ఇప్పటికీ అడుగుతారు. సిగ్నీ, ఓర్డెల్ ఇద్దరూ సగం సగం నిజం చెప్పారు, రెండు సగాలూ కలిపితే మెరిల్ బతికాడు. నా వోటు అంతే.

ఓర్డెల్ మాత్రం ఆ తర్వాత స్ప్రింగు మాట ఎత్తలేదు. మనిషి మొహంలోకి చూసి సూటిగా అడిగేవాడు, ఇంకేమైనా ఉందా అని కూడా తప్పకుండా అడిగేవాడు. ఒకాయనకి కోపమొచ్చి కొట్టులోంచి లేచిపోయి, అప్పటినుంచి తన తుపాకీ పక్క ఊళ్ళో బాగుచేయించుకున్నాడు. ఇద్దరు ఆ కొట్టులోనే కూర్చుని ఏడ్చారు. ఒకావిడ మొగుడికి తెలియకుండా వచ్చి అడిగింది. ఎంతమంది వచ్చారో అతను లెక్క పెట్టలేదు, నేనూ పెట్టను.

పోయిన మార్చిలో అతన్ని పాతిపెట్టిన వారానికి మెరిల్ బండి మా వాకిట్లో ఆగింది. ఓర్డెల్ పనిబల్ల అడుగు సొరుగు ఊడదీసి రెండు చేతులతో మోసుకొచ్చాడు. ఫ్లానెల్ గుడ్డలో మూడు బోల్టులూ ఒక పిస్తోలూ. వాటిలో ఒక బోల్టూ ఆ పిస్తోలూ మెరిల్ సొంతవే. నా వంటింటి బల్ల మీద పెట్టాడు. సొరుగూ కొట్టు తాళంచెవీ నాకే ఇవ్వమని ఓర్డెల్ అతనికి ముందే చెప్పాడట. అడగడానికి మొహమాటపడని మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది అన్నాడట. పొగిడాడో తిట్టాడో, అడుగుదామంటే మనిషి లేడు.

సొరుగు బీరువాలో పెట్టి తాళం వేశాను. మెరిల్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"నువ్వెలా ఉన్నావు?" అన్నాను. "వాన గురించి చెప్పకు."

టోపీ తీసి ఆలోచించాడు.

"ఈ వారం బాగానే ఉన్నాను. పోయిన వారం బాలేను."

"ఇంట్లో ఏమైనా ఉందా?"

"లేదు. అంతా నీ బీరువాలోనే ఉంది."

కాఫీ పెట్టనా అని అడిగాను. ఒక్కసారే అడిగాను. పెట్టమన్నాడు.